సైకిల్ బాట మీద రెండు గంటల పది నిమిషాలు

జాన్‌బాబు గురించి ఎవరు రాసినా ముందు అతని మంచితనం గురించి రాస్తారు. నాకు అంత ఓపిక లేదు. మంచివాళ్ళతో చిక్కేమిటంటే, వాళ్ళు మనల్ని ఒక్క మాటా అనరు. అనకుండానే చంపుతారు. ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్ళు ఒకే క్రేన్ మీద పనిచేశాం మేమిద్దరం. అతను దిగితే నేను ఎక్కాలి, నేను దిగితే అతను ఎక్కాలి. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అనుకున్నాం. కిందటేడు జూలైలో ఒక రోజు నేను డ్యూటీకి రెండు గంటల పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. ఆ రోజే అతని భార్య చనిపోయింది. ఆలస్యం ఎందుకైందని అడిగిన వాళ్ళందరికీ బండి పంక్చరైందని చెప్పాను. అది అబద్ధం. నిజం అతనికి చెప్పాలని పదకొండు నెలలు తిరిగాను, చెప్పలేకపోయాను.

అతనిది బొబ్బిలి పక్క పల్లె. తండ్రి ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు, మిగతా రోజుల్లో కూలికెళ్ళేవాడు. జాన్‌బాబు ఖలాసీగా చేరి క్రేన్ ఆపరేటరయ్యాడు. ఉక్కునగరంలో క్వార్టరు దొరికిన రోజు పెళ్ళాన్ని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని సెక్టార్లన్నీ తిప్పాడట. పిల్లలు పుట్టలేదు. కరిగిన ఉక్కు నిండిన లాడిల్‌ని, అంటే గదంత ఉండే బాల్చీని, గాల్లో మోసుకెళ్ళే క్రేన్ మాది. తర్వాతి షిఫ్టువాడు వచ్చేదాకా పైనున్నవాడు దిగకూడదు. దీనికి జాన్‌బాబు తన పద్ధతి ఒకటి కలిపాడు. ఇద్దరి చేతులూ లివర్ మీద పడాలి. అతను "ఇచ్చాను" అనాలి, నేను "తీసుకున్నాను" అనాలి. అప్పుడే అతని చెయ్యి లేస్తుంది. పూజారులకు కూడా ఇంత నిష్ఠ ఉండదని వెక్కిరించేవాణ్ణి. పావుగంట, ఇరవై నిమిషాలు లేటుగా వెళ్ళడం నాకు మామూలే. అతను ఏనాడూ ఏమీ అనలేదు. చెప్పాను కదా, మంచివాడు.

అతని భార్య దేవకుమారి మాత్రం అనేది. నేను ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి. కిడ్నీలు చెడిపోయి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళేది. వెళ్ళినప్పుడల్లా నాలుగేసి గంటలు మంచం మీద కదలకుండా ఉండాలి. పొద్దు పోవడానికని ఆమె చెల్లెలి కూతురు, చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్న గేమ్ ఒకటి తెచ్చిచ్చింది. అందులో ఊరూరా తిరుగుతూ వింత వింత జంతువుల్ని పట్టుకుని పెంచాలి. యాభై నాలుగేళ్ళ మనిషి, చర్చిలో స్త్రీల కూడికకు పెద్ద, ఆ బొమ్మ జంతువుల పిచ్చిలో పడిపోయింది. పట్టిన ప్రతిదానికీ తెలిసినవాళ్ళ పేరే. గొంతు చించుకునే కప్పకు పాస్టరుగారి పేరు. ఎంత పిలిచినా చివరికి గాని రాని తాబేలుకు రమణమూర్తి అని నా పేరు.

"కోపం తెచ్చుకోకు తమ్ముడూ," అంది నాకు చూపిస్తూ. "ఇదీ నీలాగే. అందరూ ఒచ్చీసాక ఒస్తది."

నేనూ నవ్వాను. అప్పుడు నవ్వొచ్చింది.

ఆ ఆటలో కొండ మీంచి సముద్రం దాకా దిగే సైకిల్ బాట ఒకటుంది. పొడుగ్గా, ఏటవాలుగా ఉంటుంది. ఏమీ నొక్కకపోతే సైకిల్ దానంతటదే కిందకు జారిపోతుంది. బ్రేకు బటన్ నొక్కి పట్టుకుంటేనే ఆగుతుంది. అడుగున గేటు దాటితే మళ్ళీ పైకి రావడానికి లేదు. ఆట కూడా అక్కడికి దానంతటదే సేవ్ అయిపోయి, అంతకుముందు దాచుకున్న చోటు చెరిగిపోతుంది. అక్క సగం బాటలో ఆపి, అక్కడే సేవ్ చేసి పెట్టుకుంది. కింద సముద్రం చాలా బాగుంటుందట, డ్యూటీ దిగి రండి, ఇద్దరం కలిసి దిగుదాం అని మొగుడితో చెప్పిందట.

జూలైలో ఆ రోజు జాన్‌బాబుది ఉదయం షిఫ్టు. రెండింటికి నేను ఎక్కాలి. ఇంకా పది నిమిషాలు ఉందనగా ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, ఆమెకు బాగోలేదు, వెంటనే రమ్మని. అప్పుడు నేను గోపాలపట్నంలో మా బామ్మర్ది కృష్ణంరాజు ఇంట్లో పేకాడుతున్నాను. ముక్కలు భలే పడుతున్నాయి. ఒక్క ఆట, ఇంకొక్క ఆట. ఫోను పక్క గదిలో ఛార్జింగులో ఉంది. ఆ పూట షెడ్డులో ఆ క్రేన్ నడపగలవాడు ఇంకొకడు లేడు. లాడిళ్ళు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, కింద మనుషులు పనిలో ఉన్నారు. జాన్‌బాబు దిగలేదు. నాలుగూ పదికి నేను కేబిన్‌లోకి ఎక్కేసరికి అతని చొక్కా తడిసి ముద్దయిపోయి ఉంది. "మీ అక్కకి బాగోనేదు బావా," అన్నాడు. అప్పుడు కూడా మా ఇద్దరి చేతులూ లివర్ మీద పడ్డాక, "ఇచ్చాను" అన్నాకే దిగాడు. అతను ఆసుపత్రి చేరేసరికి ఆమె పోయి ఇరవై నిమిషాలైంది. మూడున్నర దాకా తెలివిలోనే ఉందనీ, తలుపు వైపే చూస్తూ ఆయన వచ్చారా, వచ్చారా అని అడిగిందనీ నర్సు చెప్పింది.

ఆ తర్వాత అతను వీఆర్‌ఎస్‌కు రాసిచ్చాడు. క్వార్టరు ఖాళీ చేసి కూర్మన్నపాలెంలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. నేనూ మార్చిలో రిటైరయ్యాను. పదిహేను రోజులకోసారి పొద్దున్నే పళ్ళు పట్టుకుని అతని ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఈసారి చెప్పేస్తాను అనుకుంటూ మెట్లెక్కేవాణ్ణి. గోడ మీద అక్క ఫొటో చూసి, ఎండల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడి దిగిపోయేవాణ్ణి. మొన్న జూన్‌లో అతనే ఫోన్ చేశాడు.

"రేపు రెండింటికి రా బావా. సిన్న పనుంది."

రెండుకు పావుగంట ముందే వెళ్ళాను. నా జీవితంలో అదో రికార్డు. గదిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. ఒకదాంట్లో అక్క శాలువా మడతపెట్టి ఉంది. రెండోదాంట్లో జాన్‌బాబు, చేతిలో ఆమె గేమ్‌తో కూర్చున్నాడు. సరిగ్గా రెండింటికి దాన్ని ఆన్ చేసి, వెంటనే బొటనవేలితో బ్రేకు నొక్కి పట్టుకున్నాడు.

"ఏటి బావా ఇది?"

"రోజూ ఇంతే. మీ అక్క ఎక్కడ ఆపిందో అక్కడే తెరుసుకుంటది. ఏలు తీసానంటే దిగిపోద్ది. నన్నొగ్గేసి దిగనంది కదా. అందుకని పట్టుకుంతాను. లేసేటప్పుడు సేవ్ సెయ్యకుండా ఆపీసి పెట్టెస్తాను. మల్లీ రేపు అక్కడే ఉంటది."

ఊరికే తలూపాను.

"మందులకెల్లొస్తాను," అన్నాడు. "పది నిమిషాలు పట్టుకో."

"ఆపీసి ఎల్లొచ్చు కదా బావా."

"డ్యూటీ టైములో ఎలాగ ఆపుతాను?"

నా బొటనవేలు అతని వేలి పక్కన బటన్ మీద పెట్టించుకున్నాడు. "ఇచ్చాను," అన్నాడు. "తీసుకున్నాను," అన్నాను. చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

తెర మీద ఎర్ర సైకిల్, దాని మీద ఒంటి జడ పిల్ల. మనవైపు వీపు పెట్టి ఉంటుంది. కింద బాటంతా మంచు కప్పేసి ఉంది. కదలకుండా కొంతసేపు ఉంచితే ఆ పిల్ల మెల్లగా తల తిప్పి వెనక్కి చూస్తుంది. ఆట తయారుచేసినవాళ్ళే అలా పెట్టారు, ఆ మాత్రం నాకూ తెలుసు. మొదటిసారి చూసినప్పుడు ముచ్చటేసింది. అయిదోసారికి ఒళ్ళు జలదరించింది. తల తిప్పి తిన్నగా నన్నే చూస్తుంది. వచ్చాడా అని అడిగినట్టు చూసి, మళ్ళీ ముందుకు తిరుగుతుంది.

రెండున్నరైంది. తిట్టుకున్నాను, పది నిమిషాలని చెప్పి ఈ మనిషి ఎక్కడికి పోయాడని. ఎడం చేత్తో ఫోన్ చేస్తే అది లోపలి గదిలోనే మోగింది. ఆపేద్దామా అంటే ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో, ఎక్కడ సేవ్ అయిపోతుందో అని భయం. పోగొట్టిన తర్వాత అతనికి ఏ మొహం పెట్టుకుని చెప్పను? మూడైంది. వేలు తిమ్మిరెక్కింది, మంచినీళ్ళ కూజా నాలుగడుగుల దూరంలో ఉంది. మూడున్నరకు ఆ పిల్ల మళ్ళీ తిరిగి చూసింది. పక్క కుర్చీలో శాలువా కొస ఫ్యాను గాలికి కదిలింది. ఆ కుర్చీలో మనిషి ఉందని నాకు గట్టిగా అనిపించింది. చూడ్డానికి ధైర్యం చాల్లేదు. "ఇంకా రానేదక్కా," అన్నాను పైకే. సమాధి దగ్గర రాని ఏడుపు అప్పుడొచ్చింది. వదల్లేక, లేవలేక, అవతల ఏం జరుగుతోందో తెలియక అతను పైన కేబిన్‌లో ఎలా కూర్చున్నాడో నాకు అంతవరకూ తెలియదు. నేను పేకముక్కలు పంచుతున్న ప్రతి నిమిషం అతను ఇలాగే ఉన్నాడు.

చెప్పుల చప్పుడు వినపడి గడియారం వైపు చూశాను. నాలుగూ పది. జాన్‌బాబు చేతిలో మందుల పొట్లం లేదు. ఎదురుగా బస్టాపులో కూర్చున్నాడట, అంతసేపూ.

"బావా," అన్నాను, "ఆ రోజు పంక్చర్ కానేదు. గోపాలపట్నంలో పేకాడతన్నాను."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మట్టి సేసిన రోజే. కృష్ణంరాజు ఒచ్చాడు కదా. నీ ఆట గురించి ఎవరికో సెప్తంటే ఇన్నాను."

"మరి నన్ను ఒక్క మాట అడగనేదేటి?"

"నువ్వే ఒచ్చి సెప్తావని సూసాను." కోపం లేని గొంతుతోనే అన్నాడు. "ఆ రోజు రెండు గంటలే లేటు బావా. దీనికి పదకొండు నెలలు పట్టింది నీకు."

వేలు తీయకుండానే గేమ్ అతనివైపు చాచాను. అతను తెర వైపు చాలాసేపు చూశాడు. చెయ్యి మాత్రం ముందుకు రాలేదు.

"మీ అక్క పోయిన కాడి నుంచి పగలు కన్ను మూయనేదు," అన్నాడు. "నాను కాసేపు తొంగుంటాను."

లోపలికెళ్ళి మంచమెక్కాడు. పట్టుకోమనీ చెప్పలేదు, వదిలేయమనీ చెప్పలేదు. కాసేపటికి గురక వినిపించింది. అయిదైంది, ఆరైంది, నా వేలు బటన్ మీదే ఉంది. ఒక్క కేక వేస్తే లేచేవాడే. ఆ మనిషిని లేపే మొహం నాకు లేదు.