ఇత్తడి మేకుల గడప

వీరబ్రహ్మం తన జన్మలో అమ్మేవాళ్ళని మోసం చెయ్యలేదు. కొనేవాళ్ళని మాత్రమే చేశాడు. ఆ నియమం ఒక్కటి తప్పకుండా ఉంటే చాలు, పైన అడిగేవాడికి జవాబు చెప్పుకోవచ్చని అతని ధైర్యం.

రాజమండ్రి ఇన్నీసుపేటలో రేకుల షెడ్డు కింద అతని పాత సామాన్ల వ్యాపారం. తండ్రి వడ్రంగి. బ్రహ్మానికి పని బాగా పట్టుబడిన రోజుల్లోనే ఫ్యాక్టరీ తలుపులు లారీల్లో దిగడం మొదలైంది. ఉలి పక్కన పెట్టి, మోపెడ్ కొనుక్కుని, గోదారి లంకలన్నీ తిరిగి ఉయ్యాల బల్లలు, భోషాణాలు, గంగాళాలు బేరమాడి తెచ్చేవాడు. అటకల మీది సామాను వాసన చూసి, అది ఎవరి తాత కొన్నదో, ఎవరి మామ్మ తాకట్టు పెట్టిందో చెప్పేవాడు. చెప్పినదాంట్లో సగమన్నా నిజం ఉండేది.

చేతి పని మాత్రం మరిచిపోలేదు. కిందటి దసరాకి చేసిన ముక్కాలిపీటని ఈ దసరాకల్లా డచ్చివాళ్ళ కాలంలోకి పంపగలడు. టీ డికాక్షన్, పసుపు నీళ్ళు, పేడకుప్పలో ఒక నెల, ఎలుకలున్న గదిలో ఒక నెల. ఆ ఎలుకలకి తనకంటే ముందే పండగ బోనస్ అందేదని అతని భార్య నాగదుర్గ దెప్పుతూ ఉండేది.

ఇంత చేసినా బ్రహ్మానికి ఒక దిగులుండేది. అతను తెచ్చిన సరుకు పెద్ద ఊళ్ళకి వెళ్ళి ఇంకొకళ్ళ పేరున వేలానికొచ్చేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నున్నటి కాగితం మీద బొమ్మ పక్కన తన పేరు చూసుకోవాలని ఉండేది.

ఆ కోరిక పట్టుకునే అతను వెదుళ్ళలంకలో పాపాయమ్మ గుమ్మం ముందు ఆగాడు.

ఆగడానికి అక్కడ గుమ్మం తప్ప ఇంకేం లేదు. కిందటి వానలకి ఇంటి ముందరి గోడంతా కూలిపోయింది. ద్వారబంధం మాత్రం ఒక్కటే, వెనక ఇల్లు ఉందో లేదో తనకి పట్టనట్టు, నది వైపు చూస్తూ నిలబడి ఉంది. రెండు నిలువు చెక్కల మీదా చిలకలు, అరటిగెలలు, పైన గజలక్ష్మి. చెక్కడమంతా బయటి ముఖానే, వచ్చేవాళ్ళకి కనబడేలా. అడుగున బారెడు గడప, దాని మీద వరసగా ఇత్తడి మేకులు.

పాపాయమ్మ పిల్లల్లేని మనిషి. భర్త పోయి చాలా కాలమైంది. కూలిన ఇంటి వెనక ఒక్క గది కట్టించుకుంటోంది. పైకప్పు వెయ్యడానికి ద్వారబంధం అమ్ముతానంది. బేరం కూడా ఆడలేదు. గడప మాత్రం కోసి ఇచ్చెయ్యమంది, కొత్త గదికి పెట్టుకుంటానంది.

ఎందుకో కూడా చెప్పింది. వరదొచ్చి గడపని తాకి వెనక్కి పోయినప్పుడల్లా ఆ ఇంటి కోడలు గడపలో ఒక ఇత్తడి మేకు దిగ్గొట్టాలి. ఇంతవరకూ నీది, ఇక్కణ్ణించి మాది అని గోదారికి గుర్తు. ఎనభయ్యారు వరదలో ఊరంతా చెట్లెక్కితే నీళ్ళు ఈ గడప దాకా వచ్చి, కాసేపు ఆలోచించుకుని, పోయాయట. ఆ మేకు కొట్టింది తనే. గడపకి లోపలున్నవాళ్ళ జోలికి గోదారి రాదు, బయటున్నవాళ్ళ సంగతి తను చెప్పలేను, అంది. వరదొస్తే పడవ ఎక్కాల్సిన పని తనకి ఏనాడూ లేదని కూడా అంది.

బ్రహ్మం సరేనన్నాడు. ఆ క్షణాన మనస్ఫూర్తిగానే అన్నాడు.

చిక్కు హైదరాబాదులో వచ్చింది. వేలం సంస్థలో దేవిశ్రీ అనే అమ్మాయి ఫోటోలు చూసి, తీసుకుంటే గడపతో సహా తీసుకుంటామని ఫోన్లో చెప్పింది. ఆ ఇత్తడి అలంకారమే దానికి అందం అంది. అలాగైతే కేటలాగ్ మొదటి పేజీలో వేస్తామని, కింద వీరబ్రహ్మం, రాజమహేంద్రవరం అని పేరు ఉంటుందని కూడా అంది.

అతను అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు. మర్నాడు షెడ్డులో ఉలి తీశాడు.

పాత టేకు అంత పొడుగు దొరకలేదు. విరిగిన పడవ ఒకటి చవగ్గా వస్తే దాని అడుగు దూలం కోసి గడప చేశాడు. మేకులు కొట్టి, తలలు అరగదీసి, చింతపండుతో తోమి, మసిపూసి, మళ్ళీ తోమాడు. రెండూ పక్కపక్కన పెడితే చేసిన తనే ఒకసారి తికమకపడ్డాడు. పాపాయమ్మ కొత్త గదికి అసలుది కాని గడపని తన చేతుల్తోనే బిగించి, పసుపు రాసి, బొట్టు పెట్టాడు. జీవితంలో మొదటిసారి అమ్మిన మనిషిని మోసం చేశాడు.

ఆమె వంగి అరచెయ్యి ఆనించింది. తియ్యలేదు చాలాసేపు.

"చల్లగా లేదేంటి నాయనా?"

ఎండలు అలా ఉన్నాయి కదండీ అన్నాడు. ఆమె తలూపింది. ఆ తలూపడం చూస్తే, తిట్టించుకున్నా ఇంతకన్నా హాయిగా ఉండేదనిపించింది అతనికి.

షెడ్డులో అసలు గడప మాత్రం చల్లగానే ఉంది. ఉండాల్సినదానికంటే చల్లగా ఉంది. రోహిణీ కార్తెలో ఊరంతా నోరెండి ఆవురుమంటుంటే దానికి చెమట పట్టేది. ఎవరు పోస్తున్నారు దీని మీద నీళ్ళు అని నాగదుర్గ గొడవ పెట్టింది. తుడిచిన గుడ్డ ఎర్రగా అయ్యేది, ఆషాఢంలో గోదారిలో ఉతికినట్టు. ఒకనాడు షెడ్డులో చీమలన్నీ గుడ్లు నోట కరుచుకుని బారులు తీరి గోడెక్కిపోయాయి. వానకి ముందు అలా పోతాయి. ఆకాశంలో చూస్తే మబ్బు తునక లేదు.

బ్రహ్మం పాలిష్ పట్టి, దుప్పట్లు చుట్టి, లారీ ఎక్కించాడు. సూర్యాపేట దాటాక డ్రైవర్ ఫోన్ చేసి, సామాన్లలో నీళ్ళ క్యాను ఏమన్నా పెట్టారా, ఏలూరు నుంచి కారుతూనే ఉంది అని విసుక్కున్నాడు. పెట్టలేదన్నాడు బ్రహ్మం. ఆ తర్వాత ఆ డ్రైవర్ అతని బాడుగకి మళ్ళీ రాలేదు.

కేటలాగ్ వచ్చింది. తన పేరు చూసుకున్నాడు. ఎన్నాళ్ళనుంచో అనుకున్నది. చూసి, మడిచి, బీరువా మీద పడేశాడు.

వేలం నాటికి గోదారి ఎర్రబడి పొంగింది. పొద్దున బ్రహ్మం ఒక చేతిలో ఫోన్ పెట్టుకుని హైదరాబాదు హాల్లో జరుగుతున్న పాట చూస్తున్నాడు. ఎదురుగా టీవీలో ధవళేశ్వరం బ్యారేజీ. రెండో ప్రమాద హెచ్చరిక ముందురోజే ఎగరేశారు. ఫోన్లో సూటు వేసుకున్నాయన ఇంగ్లీషులో ఒకసారి అడిగాడు, రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడిగి సుత్తి కొట్టేసరికి టీవీలో మూడో హెచ్చరిక అని ఎర్ర అక్షరాలు పడ్డాయి. నాగదుర్గ సేమ్యా పాయసం గ్లాసు చేతిలో పెట్టింది. అది చల్లారకముందే ఫోన్ మోగింది.

వెదుళ్ళలంక పడవ నడిపే సత్తియ్య. ఊరందర్నీ ఏటిగట్టు మీద బడికి చేర్చామని, పాపాయమ్మ ఒక్కతే రానంటోందని చెప్పాడు.

"గడప దాటి రాదంటండి. మీరే బిగించారంట కదా, మీ మాటైతే వింటుందేమో రండి."

బ్రహ్మం గ్లాసు కింద పెట్టి లేచాడు. చెప్పులేసుకోలేదని ఏటిగట్టు చేరాక గుర్తొచ్చింది.

పడవ కొబ్బరిచెట్ల మధ్యనుంచి వెళ్ళింది. నీళ్ళు ఎర్రగా, చిక్కగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. చప్పుడుంటేనే నయం అన్నాడు సత్తియ్య.

పాపాయమ్మ గది కొంచెం మెరక మీద ఉంది. బయట గోడకి నీళ్ళు మోకాలెత్తు దాటి ఉన్నాయి. గుమ్మంలో మాత్రం గడప అంచు దగ్గర ఆగి ఉన్నాయి. అక్కడ గీత గీసినట్టు ఆగి, పాలగిన్నె ముందు పిల్లిలా కాచుకుని ఉన్నాయి. లోపల నేల పొడిగా ఉంది. ఆమె మంచం మీద కూర్చుని తమలపాకులకి సున్నం రాసుకుంటోంది. కొంగు చివర ఏదో ముడి ఉంది.

సత్తియ్య తెడ్డు గుచ్చి పడవని గుమ్మానికి ఆనించాడు.

బ్రహ్మం చెప్పగలిగినవన్నీ చెప్పాడు. కలెక్టరుగారి ఆర్డరన్నాడు. బడిలో వేడి భోజనం పెడుతున్నారన్నాడు. పైన భద్రాచలం దగ్గర ఇంకా పెరుగుతోందన్నాడు. ఆవిడ విని, నవ్వి, చూడు ఎంత బుద్ధిగా నిలబడిందో అని నీళ్ళకేసి చూపించింది. వరద తీశాక కొట్టడానికి మేకు కూడా సిద్ధంగా పెట్టుకున్నానని కొంగు ముడి చూపించింది.

ఇక ఒక్క మాటే మిగిలింది. చెప్పకుండా వెళ్ళిపోతే ఈ ముసలామె ఇక్కడే మునిగిపోతుంది. చెబితే ఇంక ఆమె మొహంలోకి చూడలేడు.

"అది మీ గడప కాదండి పాపాయమ్మ గారూ. నేను చేసింది. మీది హైదరాబాదు పంపేశాను."

సత్తియ్య తెడ్డు కదిలించలేదు. ఆమె చేతిలో తమలపాకు అలాగే ఉంది. ముందుగా కదిలింది నీళ్ళే. గడప మీద ఒక వణుకు వచ్చింది. తరవాత, దారి విన్న మనిషి అడుగు ముందుకేసినట్టు, నీళ్ళు తీరిగ్గా, నున్నగా గదిలోకి నడిచాయి. మంచం కోళ్ళు మునిగాయి.

పాపాయమ్మ కాళ్ళు పైకి తీసుకుంది.

"నాకు చెప్పావు, బాగానే ఉంది. దానికెందుకు వినిపించావు నాయనా?"

ఇద్దరూ కలిసి ఆమెని పడవలోకి లాగారు. నాలుగు బారలు వెళ్ళారో లేదో వెనక గది కూలిపోయి కప్పు రేకు ఒకటే నీళ్ళ పైన మిగిలింది. పడవ దూలం గడప మాత్రం తేలింది. నీళ్ళెరిగిన చెక్క కదా, ఈదుకుంటూ పోయింది.

పాపాయమ్మ ఇన్నీసుపేటలో వాళ్ళింట్లోనే ఉండిపోయింది. ఒక్క మాట అనలేదు. నాగదుర్గ మాత్రం ఆవిడ వాటా కూడా కలిపి మొగుణ్ణి అనేది. పాపాయమ్మ రోజూ టీవీ ముందు కూర్చుని, గోదారికి హైదరాబాదు ఎంత దూరం అని అడిగేది. చాలా దూరమండీ, మధ్యలో కృష్ణ కూడా ఉంది, దానికి దారెలా తెలుస్తుందండీ అన్నాడు బ్రహ్మం ఒకసారి.

"దాని మేకులు అక్కడే ఉన్నాయి కదా," అంది ఆవిడ.

వారం తిరిగాక దేవిశ్రీ ఫోన్ చేసింది. కంగారుగా ఉంది, నవ్వడానికి ప్రయత్నిస్తోంది. ద్వారబంధం కొన్నాయన పన్నెండో అంతస్తులో కొత్త ఫ్లాట్‌లో బిగించుకున్నాడట, గృహప్రవేశం ముహూర్తానికని తొందరపెట్టి. అప్పట్నుంచి రోజూ పొద్దున హాల్లో ఎర్ర నీళ్ళు నిలుస్తున్నాయట. ప్లంబర్లు బాత్రూములు తవ్వి చూస్తే పైపులన్నీ బాగానే ఉన్నాయట. నిన్న చీలమండ దాకా. ఇవాళ నీళ్ళలో చేపపిల్ల ఒకటి తిరుగుతోందట. చెక్కకి ఏం మందు వేశారో చెప్పండి సర్, అని అడిగింది.

బ్రహ్మం ఫోన్ స్పీకర్లో పెట్టాడు. పాపాయమ్మ దగ్గరికి జరిగి ఒక్కటే అడగమంది. గుమ్మం చెక్కిన ముఖం ఎటు పెట్టారు?

"హాల్లోకేనండి," అంది దేవిశ్రీ. "హాలుకీ బాల్కనీకీ మధ్య పెట్టారు. చిలకలు హాల్లోకి కనబడొద్దా? లేకపోతే కొన్నది ఎందుకు?"

చెక్కిన ముఖం నది వైపుది. ఆ గడప ఇప్పుడు బాల్కనీని కాపాడుతోంది. కాపురమంతా బయటి వైపు కూర్చుని ఉంది.

ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగాడు. ఆయనా, భార్య, ఇద్దరు ఆడపిల్లలు, అంది. నంబరిచ్చింది. చేశాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఈసారి మోగను కూడా మోగలేదు.

పాపాయమ్మ కొంగు ముడి విప్పి మేకు అతని అరచేతిలో పెట్టింది. అది తడిగా ఉంది.

"ముందు దాన్ని తిప్పి పెట్టు. నీళ్ళు పోయాక ఇది కొట్టు. పోకముందు కొట్టకు."

అతను ఉలి, సుత్తి సంచిలో వేసుకుని హైదరాబాదు బస్సుకి బయల్దేరాడు. ఈసారి చెప్పులు ముందే వేసుకున్నాడు. వెనక టీవీలో ధవళేశ్వరం దగ్గర నీరు శరవేగంగా తగ్గిపోతోందని, ఇంత తొందరగా తగ్గడం ఎప్పుడూ చూడలేదని అధికారి ఒకాయన సంతోషంగా చెబుతున్నాడు. ఎటు పోతోందో మాత్రం ఆయన్నెవరూ అడగలేదు.