మైకా షెడ్డులో పెద్దమ్మ పక్కన

మొన్న మా ఇంట్లో పాత ఇస్త్రీపెట్టె వేడెక్కడం మానేస్తే, వీధి చివర కరెంటు సామాన్లు బాగుచేసే అబ్బాయి దగ్గరికి తీసుకెళ్లాను. అతను మరలు ఊడదీసి, లోపలి నుంచి అరచేతిలో సగం ఉన్న పల్చటి మైకా రేకు ఒకటి బయటికి తీసి, దాని చుట్టూ చుట్టిన తీగ తెగిపోయిందని చూపించి, ఇలాంటివి ఇప్పుడు దొరకడం లేదు, కొత్తది కొనుక్కోండి అన్నాడు. ఆ రేకును అడిగి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాను. అంచుల్లో లేత ఆకుపచ్చ, మధ్యలో ఆవగింజంత నల్లటి చుక్క. ఇది తేట బుట్టలోకి పోయే ఆకు కాదు, మచ్చల బుట్టలోకి పోవలసింది అని, అరవై ఏళ్లు గడిచిన తర్వాత కూడా, ఆలోచించకుండానే తెలిసిపోయింది.

మా ఊరు గూడూరికి తూర్పున, కోట దాటిన తర్వాత, గాలి పడిపోయిన వేళల్లో సముద్రపు హోరు ఇంట్లోకి వినిపించేంత దూరంలో ఉండేది. ఎండాకాలం అక్కడ సరుగుడు తోపుల కింద రాలిన ఎండాకుల మెత్తదనంతోనూ, జాలర్ల కుప్పంలో ఇసుక మీద ఆరబోసిన నెత్తళ్ల చేపల వాసనతోనూ, బొటనవేలితో పొడిచి తాగే ముంజల చల్లదనంతోనూ మొదలయ్యేది. పొద్దున్నంతా భూమి మీది నుంచి వచ్చే వడగాలికి తలుపులు మూసుకుని, అమ్మ నేల మీద గీసిన గళ్లలో చింతగింజలతో ఆడుకుంటూ, మూడు గంటలకు గాలి తిరిగి సముద్రం వైపు నుంచి వీచే దాకా కనిపెట్టుకుని ఉండేవాళ్లం. గాలి తిరిగిందని ముందుగా కనిపెట్టేది మా మేక. అది లేచి నిలబడి తూర్పుకు ముఖం పెడితే మేమూ తలుపులు తీసేవాళ్లం.

నాన్న మిషన్ వాళ్ల ఎలిమెంటరీ బడిలో పంతులు, ఆదివారం వాక్యం చదివేది కూడా ఆయనే. నేను ఎనిమిదో తరగతి పాసైన ఏడు, నెల్లూరులో ఆడపిల్లల బోర్డింగు బడిలో ఫోర్తు ఫారంలో, అంటే తొమ్మిదో తరగతిలో, చోటు దొరికిందని ఉత్తరం వచ్చింది. దానితోపాటు పిల్ల వెంట తెచ్చుకోవలసిన వస్తువుల పట్టీ కూడా వచ్చింది. ఒక ట్రంకుపెట్టె, కంచం, గ్లాసు, దుప్పటి, రెండు పరికిణీలు, రెండు ఓణీలు. నాన్న ఆ పట్టీని రెండుసార్లు చదివి మడిచి బైబిలులో పెట్టుకున్నాడు. ఆయన ఏ కాగితాన్నయినా అక్కడ పెట్టాడంటే ఇక దాని గురించి మాట్లాడడని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ వస్తువులు నేనే సంపాదించుకుంటానని ఆ రాత్రి అన్నం దగ్గర చెప్పాను.

ముందు కుప్పానికి పోయి, ఎండుచేపల మీద కాకులు వాలకుండా కాపలా ఉంటానని అడిగాను. వలలు సరిచేస్తున్న ఒకావిడ నవ్వి, "మా బిడ్డలే ఇంతమంది ఉండారు, వాళ్లకే పని చాల్లేదు. నీకు యాడ పెట్టేది తల్లా?" అని ఇన్ని నెత్తళ్లు నా పరికిణీలో పోసి పంపించింది. తర్వాత సరుగుడు మొక్కలకు నీళ్లు పోసే చోటికి పోయాను. గుంటలోంచి రెండు కడవలతో ఇసుక గట్టెక్కాలి. పదోసారి ఎక్కుతూ పడి ఒక కడవ పగలగొట్టాను. అక్కడి మేస్త్రీ తిట్టలేదు, వచ్చే ఏడు రమ్మన్నాడు. ఇదంతా నాన్న చెవిన పడింది.

"పంతులు కూతురు కూలికి పోతుండాదంటే రేపు బడిలో నా మాట ఎవురు వింటారు?" అన్నాడు.

"కూలికి ఎందుకు పోతాది? మా అక్క ఇంటికి పోతాది," అంది అమ్మ. ఆ ఒక్క మాటతో నేను గూడూరు బస్సెక్కాను.

అమ్మ అక్క లేయమ్మ పెద్దమ్మ. భర్త పోయిన, పిల్లలు లేని మనిషి, ఇరవై ఏళ్లుగా గూడూరులో మైకా షెడ్డులో పని చేస్తోంది. మేము ఊళ్లో కాకిబంగారం అని ఏరుకుని ఆడుకునేదాన్నే వాళ్లు మైకా అనేవాళ్లు. గనుల నుంచి లారీల్లో వచ్చిన ముద్దల్ని ఆడవాళ్లు వరసగా గోనెపట్టాల మీద కూర్చుని, సన్నటి కత్తిమొన అంచులో దూర్చి, పొర మీద పొరగా విడదీసేవాళ్లు. విడదీసిన పొరను ఆకు అనేవాళ్లు. ప్రతి ఆకునూ వెలుతురుకు పట్టి చూసి, తేటగా ఉంటే ఒక బుట్టలో, నల్లచుక్కలుంటే ఇంకో బుట్టలో వెయ్యాలి. పని అంతే. సాయంత్రానికి అందరి జుట్టులోనూ, కనురెప్పల మీదా, మెడ చెమటలోనూ మెరిసే పొడి అంటుకుని, పెళ్లికి ముస్తాబైన వాళ్లలాగా ఇళ్లకు పోయేవాళ్లం. ఎంత కడుక్కున్నా అది పోదు. మధ్యాహ్నం మూత విప్పిన గిన్నెల్లో సంగటి మీద కూడా మెరిసేది.

పెద్దమ్మ షెడ్డు మేస్త్రీతో మాట్లాడి నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఆమె చేతుల్లో కత్తి కదిలిన తీరు చూస్తే ముద్ద తనంతట తానే విచ్చుకుంటున్నట్టు ఉండేది. ఆకును రెండు వేళ్ల మధ్య పెట్టి, గోటితో ఒకసారి మీటి, మందం ఎంతో ఆ చప్పుడును బట్టి చెప్పేది. మొదటి వారమంతా నేను ఆకుల్ని చింపడమే సరిపోయింది, అయినా ఆమె విసుక్కోలేదు. తన ఆకుల్ని ఒక్కొక్కటే నాకందించి, "ఇదెట్టుందో చూడు పాపా," అనేది. నాకు పని నేర్పుతోందనుకుని, "తేట", "మచ్చ" అని చెప్పేదాన్ని. ఆమె ఆ బుట్టలో వేసేది.

రెండో వారానికి నాకు పని వచ్చేసింది. ఆమె మాత్రం అడగడం మానలేదు. ఇంట్లో గమనించడం మొదలుపెట్టాను. బియ్యంలో రాళ్లు చేత్తో తడిమి ఏరుతుంది. ఎదురుగా వచ్చే మనిషి మాట్లాడిన తర్వాతే పేరు పెట్టి పిలుస్తుంది. షెడ్డు నుంచి బయటికి, ఎండలోకి వచ్చేసరికి నా భుజం మీద చెయ్యి వేస్తుంది. అది ప్రేమ కొద్దీ అనుకున్నాను. ఒకరోజు మచ్చ ఉన్న ఆకును కావాలనే "తేట" అన్నాను. ఆమె దాన్ని వెలుతురుకు ఎత్తి, అందరిలాగే తల వంచి చూసినట్టు చూసి, తేట బుట్టలో వేసింది. నేను చేయి చాపి తీసి ఇంకో బుట్టలో వేశాను. ఆ రోజు నుంచి ఆమె అడగడం, నేను చెప్పడం కూడా మానేశాం. ఆమె ఆకులన్నీ మా మధ్య గోనె మీద పెట్టేది, నేను రెండు బుట్టల్లోకీ పంచేదాన్ని. మా బుట్టలు వరసలో అందరికంటే ముందు నిండేవి, మేస్త్రీ అది చూసి తల ఊపుతూ పోయేవాడు.

సెలవులు ఇంకా పది రోజులు ఉన్నాయనగా, ఒక శనివారం మధ్యాహ్నం, వరసలో నా ఈడు పిల్ల దేవకి, రైలుస్టేషను పక్కన సర్కసు డేరా వేస్తున్నారనీ, ఏనుగుల్ని దించుతున్నారనీ చెప్పింది. తలనొప్పి అని చెప్పి లేచాను. పెద్దమ్మ నా ముఖం వైపు తలెత్తి, "పొయ్యి పడుకోపో," అంది. నిమ్మకాయల మండీ మీదుగా పరిగెత్తాం. లారీలకెత్తుతున్న గంపల్లోంచి జారిన కాయలు కాళ్ల కింద నలిగి, వీధి వీధంతా పుల్లటి వాసన వేస్తోంది. సాయంత్రం దాకా ఏనుగులు నీళ్లు చిమ్ముకోవడం చూస్తూ నిలబడ్డాను. పెద్దమ్మ సంగతి ఒక్కసారి గుర్తొచ్చింది. గుర్తొచ్చినా కదలలేదు.

సోమవారం పొద్దున మేస్త్రీ మా బుట్ట పట్టుకొచ్చి అందరి ముందూ గోనె మీద బోర్లించాడు. తేట ఆకుల్లో సగం మచ్చలవే.

"ఇది ఎవురి పని లేయమ్మా? ఇరవై ఏండ్లలో నీ బుట్టలో ఇట్టాంటిది చూళ్లేదే," అన్నాడు.

పెద్దమ్మ నోరు తెరవబోయింది. నేను లేచి నిలబడి, "నేనే కలిపేసినా. పెద్దమ్మకు తెలవదు," అన్నాను. నా గుండె కొట్టుకోవడం భయంతో కాదు, గొప్ప పని చేస్తున్నానని.

మేస్త్రీ ఖాళీ బుట్టను పక్కకు పెట్టాడు. "సరే. రేపట్నించి రాబాక," అన్నాడు. పెద్దమ్మను ఏమీ అనలేదు.

సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఆమె నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు. గోడ వారన, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. వాకిట్లోకి వచ్చిన తర్వాత అంది.

"నన్ను నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాడు పాపా. ఒక్క బుట్టకు నన్ను తీసేస్తాడా? నువ్వు మంచిగానే చెప్పినావు. రేపు నా పక్కన ఎవురు కూసుంటారు?"

"ఎనిమిది రోజులైతే నేనెట్టాగూ నెల్లూరు పోవాల గదా పెద్దమ్మా," అన్నాను.

ఆమె పొయ్యి ముట్టించి, గిన్నె కోసం చేత్తో వెతికింది. గిన్నె అక్కడే ఉంది, నేను అందించలేదు. ఎందుకు అందించలేదో ఇప్పటికీ సరిగా చెప్పలేను. కోపం కావచ్చు.

నా కూలి డబ్బులతో ట్రంకుపెట్టె, ఓణీలు వచ్చాయి. నేను బోర్డింగుకు పోయాను. క్రిస్మసు సెలవులకు వచ్చేసరికి పెద్దమ్మ మా ఇంట్లో ఉంది. షెడ్డులో ఇక వద్దన్నారని చెప్పారు. ఆ తర్వాత పదకొండేళ్లు మా వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీసింది. ఆమె తీసిన చింతపండులో గింజలు మిగిలిపోయేవి. అమ్మ ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు, పులుసు పిసికేటప్పుడు చేతికి తగిలిన గింజను పెరట్లోకి విసిరేసేది.

అమ్మ నాతో అసలు మాట చెప్పింది పెద్దమ్మ పోయిన తర్వాత. ఆ ఎండాకాలం, సర్కసు కంటే ముందే, పెద్దమ్మ పాస్టరుగారి భార్యతో అమ్మకు ఒక ఉత్తరం రాయించిందట. పిల్లను ఈ ఒక్క ఏడు నా దగ్గరే ఉంచు, నాకు చూపు ఆనడం లేదు, వచ్చే ఏడు బడికి పంపిద్దాం అని. అమ్మ ఆ ఉత్తరం నాన్నకు చూపించలేదు. జవాబూ రాయలేదు. "నీకు జెప్పుంటే ఉండిపొయ్యేదానివి," అంది నాతో. ఉండిపోయేదాన్నేమో. తెలియదు. పదకొండేళ్లు ఒకే వంటింట్లో తిరిగిన ఆ అక్కచెల్లెళ్లు దాని గురించి ఒక్కసారైనా మాట్లాడుకున్నారో లేదో కూడా నాకు తెలియదు.

ఇప్పుడు గూడూరులో ఆ షెడ్డు లేదు. అది ఉన్న చోట వరసగా మేడలు లేచాయి, అటువైపు ఇళ్లవాళ్లలో ఒకరిద్దరిని అడిగితే ఇక్కడ అలాంటిదేమీ లేదన్నారు. సంగటి గిన్నెలతో వరసగా కూర్చున్న ఆ ఆడవాళ్లలో ఎవరూ లేరు. దేవకి ఎక్కడుందో తెలియదు. మా ఊళ్లో నెత్తళ్లు ఆరబోసిన ఇసుక చుట్టూ రొయ్యల చెరువుల గట్లు వచ్చాయి.

పోయిన ఏడాది నా రెండు కళ్లకూ శుక్లాలు తీశారు. పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇంటికొచ్చాను. నొప్పి కూడా లేదు. ముప్పై మూడేళ్లు బడిలో సైన్సు చెప్పినదాన్ని, బోర్డు మీద కన్ను బొమ్మ గీసి, ఇది కటకం, వయసు మీద పడితే దీనికి మసక కమ్ముతుంది, ఆసుపత్రిలో తీసేస్తారు అని ఏడాదికోసారి పిల్లలకు చెప్పినదాన్ని. అలా చెప్పిన మొదటి మూడేళ్లూ, సాయంత్రం బడి నుంచి ఇంటికి వచ్చేసరికి, పెద్దమ్మ ఆ మసక కళ్లతోనే మా వరండాలో కూర్చుని ఉండేది.