పెద్దమ్మ మగ్గం ఆపిన కథ

నిన్న ఆదోనిలో పుస్తకాల ప్రదర్శనకు వెళ్ళాను. కాలేజీ అమ్మాయి ఒకతె ఒక పుస్తకం చేతిలో పట్టుకుని, "సైన్స్ ఫిక్షన్ ఎప్పుడూ సదవలేదు సార్, దీంతో మొదలుపెట్టొచ్చా?" అని అడిగింది. స్టాల్‌లో కూర్చున్న పెద్దమనిషి ఆమెను ఎగాదిగా చూసి, "ముందు ఫిజిక్స్ సరిగ్గా నేర్చుకోమ్మా. ఇవి అందరికీ అర్థమయ్యేవి కావు" అన్నాడు. ఆ పిల్ల పుస్తకం అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎమ్మిగనూరులో మా ఇల్లు గుర్తొచ్చింది. గంజి వాసన, గోడవారగా నూలు చిలపలు, వారపత్రిక రాగానే పిల్లలందరం పీక్కోవడం. మీ ఇళ్ళల్లోనూ అంతే కదా! మా పెద్దమ్మ బడి ముఖం చూడలేదు. ఇంటికి చుట్టాలొచ్చినా మగ్గం ఆపేది కాదు. ఆ చప్పుడులోనే నేను గొంతు చించుకుని సీరియల్ చదివి వినిపించేదాన్ని. ఒకరోజు కథలో మనుషులు రాకెట్ దిగి, ఎర్రటి గ్రహం మీద ఊరు కట్టుకుంటున్నారు. ఠక్కున మగ్గం ఆగిపోయింది.

"ఆగు పాపా. ఆడ వాన లేదు, బాయి లేదు. ఈళ్ళకు నీళ్ళు యాడివి?"

పేజీలన్నీ తిరగేశాను. ఎక్కడా లేదు.

"రాసినోడు ఎప్పుడూ బిందె మోసినట్టు లేదు" అని విసుక్కుంది. "సరే సదువు, ఏం సేస్తారో సూద్దాం" అంది. ఆ వారం భాగం అయిపోయేదాకా మగ్గం ముట్టలేదు.

అయ్యా పెద్దమనిషీ, అంత ఫిజిక్స్ చదివిన మీకు ఆ ప్రశ్న ఎప్పుడైనా తట్టిందా?

ఆ అమ్మాయిని గేటు దగ్గర పట్టుకుని, మీరు వద్దన్న పుస్తకమే కొనిచ్చాను. చదివి, రాసినాయన ఏం మర్చిపోయాడో నాకు ఫోన్ చేసి చెప్పమన్నాను.