దసరానాడు లేచిన తెరచాప

జంగమ్మది కోదాడ దిక్కు మెట్ట ఊరు. నీళ్లంటే బాయి నీళ్లే ఎరిక. అసొంటి పిల్లను తీస్కపోయి, కృష్ణ మీద తెరచాప పడవ నడిపే ఈదయ్యకు కట్టబెట్టిన్రు. మొదట్ల కక్కుకుంటనే వంట చేసింది పాపం! రాను రాను ఆ పడవే ఇల్లయింది. సూర్యాపేట అంగడికి పోయే మిరపబస్తాల నడుమనే బిడ్డ ఆండాలు పుట్టింది. నడక రాంగనే యాడ నీళ్లల్ల పడతదోనని, పిల్లను మిర్యాలగూడల ఉన్న జంగమ్మ అక్క ఇంట్ల ఉంచిన్రు. పండుగొస్తే చాలు, ఈదయ్య వాడపల్లి రేవుల పడవ కట్టేసి, పోయి బిడ్డను తోల్కొచ్చేటోడు. ఇగ ఆ నాలుగొద్దులు పడవంత పిల్ల గోలే.

నలభై ఏడుల దసరాకు కూడ అట్లనే బయలెల్లిండు. మంచి కాలమా అది? ఆ నెలల్నే పై రేవుల తుపాకులోళ్లు ఒక పడవాయనను ఏరు దాటించమని పట్టుకపోతే, మనిషి మళ్ల రాలే. "పోకు, పిల్ల ఆడనే ఉండని" అని జంగమ్మ ఎంత మొత్తుకున్నా ఇనలే. "పండుగపూట బిడ్డ లేని పడవ ఏం పడవనే?" అని కండువ దులుపుకొని పోయిండు. మహా మొండోడు లెండి.

దసరా అంటే ఆ పడవోళ్లకు పెద్ద పట్టింపు. చుక్కాని ఊడదీసి ఒడ్డున పెట్టి, పసుపు కుంకుమ అద్ది, తెల్లారేదాక ముట్టరు. తెరచాప ఎత్తరు. ఆనాడు తెరచాప లేసిందంటే ఆ పడవల పీనుగ ఉన్నట్టే లెక్క.

మధ్యాహ్నం ఒడ్డున కోడికూర ఉడుకుతుంటే తుపాకులోళ్లు నలుగురు దిగిన్రు.

"నీ పెనిమిటి ఏడి?"

"ఊరికి పోయిండయ్యా."

"రాంగనే మమ్ముల దాటియ్యాలె. అప్పటిదాక గీడనే కూసుంటం."

గట్టు కింద కూసుంటే పై తోవకు కనబడరు. ఈదయ్య బిడ్డను భుజాన ఎక్కించుకొని నేరుగ వీళ్ల నడుమకే వస్తడు. జంగమ్మ మొఖం మీద నవ్వు పులుముకొని, "పండుగ బువ్వ తినున్రి అన్నా" అని విస్తర్లేసింది. తుపాకులు పక్కకు పెట్టి వాళ్లు కూరల చెయ్యి పెట్టంగనే, నీళ్లు తెస్తనని పడవెక్కింది.

అప్పుడే ఎగువ తోవల మనిషి కనబడ్డడు, భుజాన పిల్ల. అరిస్తే వీళ్లూ ఇంటరు. జంగమ్మ తాడు పట్టి గుంజింది. తెరచాప లేసింది.

లేసినంక గాని తోచలే. ఓరి దేవుడా! పెండ్లాం సచ్చిందనుకున్నోడు ఆగుతడా? ఉరికొస్తడు, వీళ్ల మీదికే! అయితే పడవ ఈడ ఉండొద్దు, అది ఎటు పోతే ఆయన అటే ఉరుకుతడు. కత్తిపీట తీసి కట్టుతాడు కోసేసింది. చుక్కాని ఒడ్డునే పాయె. గాలి లేదు. పడవ అడ్డం తిరుగుకుంట పారే నీళ్ల నడుమకు పోయింది. గెడ పట్టి శక్తికొద్ది నూకింది. ఒడ్డున వాళ్లు ఎంగిలి చేతులతోనే లేసి కాల్చిన్రు. తెరచాపకు బొక్క పడ్డది. కొంచెం దూరం ఉరికొచ్చి, తుమ్మకంపల తోవ దొరకక ఆగిపోయిన్రు.

దిగువన ఇసుకమేట తాకి పడవ నిలబడ్డది. ఈదయ్యకు ఆ కంపల ప్రతి డొంకా ఎరికే. మరి తెరచాపను సూసిండా? దాని ఎంబడి వచ్చిండా, రేవుకే పోయిండా? జంగమ్మ గెడ ఇడవకుండ ఒడ్డును సూసుకుంట నిలబడ్డది. ఎంతకూ ఎవరూ రాలే.

మెల్లగ ఏడుపు ఇనబడ్డది. "ఓ జంగమ్మా, నన్ను ఇడిసి పోతివా" అని రాగం తీసుకుంట, కంపలు గీరి నెత్తురు కారంగ, బిడ్డను ఎత్తుకొని ఈదయ్య బయటికొచ్చిండు. ఎదురుంగ పెండ్లాం నిలబడి ఉన్నది.

"బతికే ఉన్నవానే?"

"సచ్చిననంటె తప్ప నా మాట ఇంటవా నువ్వు!" అని జంగమ్మ గెడ పారేసి బోరున ఏడ్సింది.

ఈదయ్య బిడ్డను ఆమె చేతిలకిచ్చి, ఆమె కొంగు పట్టుకొని ఇసుకల కూలబడ్డడు. పొద్దుగూకేదాక ఆ కొంగు ఇడవలే.