ఘాటు ఎక్కితే ఆగిపోయే వైపర్

అది 2022, జిల్లాలు విడగొట్టిన ఏడాది. గిద్దలూరులో నంద్యాల వైపు పోయే రోడ్డు పక్కన మా ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు. బండ్లలో కరెంటు పనులు చేస్తాం. లైట్లు, హారన్లు, సెల్ఫ్ మోటార్లు, అన్నీ. నా భర్త పోయాక షెడ్డు మూసేయమని అందరూ అన్నారు. ఆయన పక్కన కూర్చుని ఏళ్ళ తరబడి తీగలు పట్టుకున్నదాన్ని, నాకు ఇంకేం పని వస్తుంది? మూయలేదు. అక్షరాలు మాత్రం నాకు సరిగా రావు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

ఆ వానాకాలంలో బేస్తవారిపేట నుంచి గురవయ్య అనే ఆయన వచ్చాడు. గొర్రెలు అమ్మి కొన్న పాత తెల్ల కారు ఆయనది. వెనక సీట్లో భార్య రాములమ్మ ఒరిగి ఉంది. ఆమెకు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి రెండుసార్లు నంద్యాలలో డయాలసిస్, అంటే మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవడం. బస్సులో కూర్చునే ఓపిక ఆమెకు లేదు. ఈ కారే దిక్కు. గిద్దలూరు దాటితే నల్లమల ఘాటు, అన్నీ మలుపులే.

"ఘాటులో వాన పడితే వైపర్ అద్దం మధ్యలో నిలబడిపోతాంది చెల్లెమ్మా. అవతల దిగినాక దానంతట అదే తిరుగుతాది" అన్నాడు.

అప్పటికే వేరేచోట కొత్త స్విచ్ వేయించాడు, మోటారు కూడా మార్పించాడు. అయినా అదే తంతు. అద్దం మీద నీరు నిలవకుండా పొగాకు రుద్దేవాడు. పెద్దవానకు అది ఎంతసేపు నిలుస్తుంది? పోయినసారి దారి కనపడక మలుపు దగ్గర కారు ఆపుకుని కూర్చున్నారు. ఆసుపత్రికి చేరేసరికి ఆమె వంతు దాటిపోయింది, మిషన్ ఇంకొకరికి ఇచ్చేశారు. ఆమెకు ఊపిరి అందక చాలా కష్టమైంది. ఇంకోసారి ఇట్లా జరిగితే చెప్పలేమని డాక్టరు అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు గురవయ్య నా ముఖం చూడలేదు.

స్విచ్ వేశాను. వైపర్ శుభ్రంగా తిరిగింది. అద్దం మీద బకెట్ నీళ్ళు గుమ్మరించాను. తిరిగింది. మోటారు నుంచి వైపర్ చేతులకు పోయే కడ్డీలు ఉంటాయి, లింకేజ్ అంటాం. వైపర్ చేతులు పట్టుకుని కదిపి చూశాను, అవీ బాగానే ఉన్నాయి. మా షెడ్డులో ఏ తప్పూ లేదు. తప్పంతా ఘాటులోనే ఉంది. గురవయ్య తల పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

నేను వెనక డోరు తీసి రాములమ్మ పక్కన కూర్చున్నాను. డ్రైవరు కళ్ళు రోడ్డు మీద ఉంటాయి. వెనక కూర్చున్న మనిషి అన్నీ చూస్తుంది. ఘాటు ఎక్కేముందు మీరు ఎక్కడైనా ఆగుతారా అని అడిగాను.

"ఆగుతాం వదినా. ఘాటు మొదట్లో అమ్మవారి గుడి కాడ ఆపుతాడు. బానెట్ మీద పెట్టి టెంకాయ పీచు వొలుస్తాడు. కొట్టి ఆ నీళ్ళు అద్దానికి పోస్తాడు, పూలు పెడతాడు. పోయిన ప్రతిసారీ అంతే. పెండ్లప్పుడు గూడా నాకోసం ఇన్ని టెంకాయలు కొట్టలా ఈయన."

"ఒంట్లో అన్నిటికీ రోగం వచ్చినాది గాని దీని నోటికి మాత్రం రాలా" అన్నాడు గురవయ్య అరుగు మీద నుంచి. ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

బానెట్ ఎత్తాను. అద్దం కింద జల్లెడ లాంటి ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది, దాన్ని కౌల్ గ్రిల్ అంటారు. వాననీరు అందులోంచి కింది తొట్టిలోకి దిగి, మూలనున్న రంధ్రం గుండా బయటికి పోతుంది. వైపర్ మోటారు తీగ ఉండేదీ అక్కడే. గ్రిల్ విప్పితే తొట్టి నిండా టెంకాయ పీచు, కుళ్ళిన పూలు, కుంకుమ బురద. మోటారు మార్చినవాళ్ళు దీన్ని తీయకుండానే మూసేసినట్టున్నారు. రంధ్రం పూర్తిగా మూసుకుపోయి నా బకెట్ నీళ్ళు అక్కడే నిలిచి ఉన్నాయి. పీచంతా ఉండ కట్టి ఒక నల్ల తీగకు చుట్టుకుంది. అది ఎర్త్ తీగ. బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటు తిరిగి పోయే దారి అదే. అది వదిలేస్తే మోటారు కొత్తదైనా తిరగదు. ఆ తీగ చివర బోల్టు కింద ఉండే రింగు టెంకాయ నీళ్ళకు తుప్పు పట్టి, పేరుకు పట్టుకుని ఉంది.

ముందు చక్రాలు చెక్క దిమ్మెల మీదికి ఎక్కించమన్నాను. కారు ఘాటు ఎక్కినట్టే నిలబడింది. వైపర్ వేసి, ఇంకొన్ని నీళ్ళు పోసి, కారును ఊపాను. నీళ్ళు తీగ వైపుకు వచ్చాయి, పీచు ఉండ తేలి తీగను లాగింది. వైపర్ అద్దం మధ్యలో ఆగిపోయింది. దిమ్మెల మీద నుంచి దింపితే మళ్ళీ తిరిగింది.

గురవయ్య ఆ తొట్టిలోకి వంగి చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"నేను కొట్టిన టెంకాయలే దీన్ని దారిలో ఆపినాయా చెల్లెమ్మా?"

ఆ మనిషికి దేవుడి మీద ఉన్న నమ్మకం తప్ప చేతిలో ఇంకేమీ లేదు. "టెంకాయ కాదన్నా, పీచు. నువ్వు అమ్మవారికి మొక్కుకో, కొట్టుకో. పీచు మాత్రం దూరంగా వొలుచుకో. నీళ్ళు టైరుకు పొయ్యి" అన్నాను.

తొట్టి కడిగి, రంధ్రం తెరిచాను. బోల్టు గరుకు కాగితంతో తెల్లబడేదాకా రుద్ది, కొత్త తీగ వేసి, మళ్ళీ తుప్పు పట్టకుండా గ్రీజు పూశాను. వాళ్ళు అటునుంచి అటే నంద్యాలకు పోయారు. ఆ రోజు ఘాటు మీద మబ్బు నల్లగా ఉంది.

రాములమ్మ మరుసటి ఏడాది పోయింది, ఆసుపత్రిలో, తన మంచం మీద. దారిలో కాదు. కర్మలు అయ్యాక గురవయ్య హారన్ పని మీద వచ్చాడు. నేను అడగకుండానే గ్రిల్ విప్పి చూశాను. ఒక్క పోగు పీచు లేదు.

బండి వస్తే ఇప్పుడు నేను ముందు పానా పట్టుకోను. దారిలో ఎక్కడ ఆగుతారు, ఏం చేస్తారు అని అడుగుతాను. బండిలో వెనక కూర్చునేవాళ్ళు ఉంటే వాళ్ళనే ముందు అడుగుతాను. తీగల సంగతి నా భర్త నేర్పాడు. ఇది రాములమ్మ నేర్పింది.

హారన్ బాగయ్యాక గురవయ్య ఒక మాట చెప్పాడు. అంతకుముందు వాన పడితే చాలు, ఆమె ఘాటు దిగేదాకా ముందుకు వంగి వైపర్ వంకే చూస్తూ ఉండేదట. నేను బాగుచేసిన రోజు మాత్రం, అంత వానలోనూ, రెండో మలుపుకే నిద్రపోయిందట.

"లేస్తాదేమోనని ఘాటు దిగేదాకా హారన్ గూడా కొట్టలా చెల్లెమ్మా" అన్నాడు.