అమ్మ పోసిన రబ్బరు చేపలు

అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్లో, మా ఇంటికి రెండు సిగ్నళ్ల అవతల ఒక తెలుగు హోటలుంది. ఆదివారం మధ్యాహ్నం అమ్మా నేనూ అక్కడికి వెళ్తాం. భోజనం అయ్యాక బిల్లుతో పాటు చిన్న స్టీలు గిన్నెలో సోంపు తెచ్చి పెడతారు. అమ్మ చిటికెడు నోట్లో వేసుకుంటుంది, నేను గిన్నెని అవతలికి జరిపేస్తాను. తిన్నది అరగడానికి పెట్టారు పాపం, వాళ్ల తప్పేం లేదు. కానీ ఆ వాసన తగిలిందంటే చాలు, దాని వెనకే వేడి ప్లాస్టిక్ కంపు కూడా ముక్కుకి కొడుతుంది, మా ఇంటి వెనక పాటియోలో కరెంటు పొయ్యి ముందు స్టూలేసుకుని కూర్చున్న అమ్మ కనిపిస్తుంది, పక్కన తొమ్మిదేళ్ల నేను కనిపిస్తాను. ఆ పిల్లని లాగి రెండు చెంపలూ వాయించాలనిపిస్తుంది.

అమ్మ ఒంగోల్లో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. నాన్నకి ఇక్కడ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే, ఉన్న ఉద్యోగం వదిలేసి, ఆరేళ్ల నన్ను వేలు పట్టుకుని డిపెండెంట్ వీసా మీద వచ్చింది. ఆ వీసా మీద ఇంట్లో ఎంత చాకిరీ అయినా చేసుకోవచ్చు, బయట ఒక్క డాలరు సంపాదించకూడదు. మొదటి రెండేళ్లూ ఆవిడ ఎలా గడిపిందో నాకు బాగా గుర్తు. తుడిచిన స్టవ్వే మళ్లీ తుడిచేది. నేను స్కూలు నుంచి రాగానే బట్టల సబ్బు సీసా ముందు పెట్టి, దాని మీద రాసిన రసాయనాలన్నీ ఒక్కొక్కటీ వివరించేది. నాకు అర్థమయ్యేది కాదు. వినడానికి ఆవిడకి నేను తప్ప ఎవరున్నారు కనక?

మా కమ్యూనిటీ మధ్యలో తవ్వి నీళ్లు నింపిన లేక్ ఒకటుండేది, గట్టు చుట్టూ బండరాళ్లు. సాయంత్రం వాకింగ్‌కి వెళ్తే అక్కడ ర్యాండీ అంకుల్ మడత కుర్చీలో కూర్చుని గాలం వేస్తూ ఉండేవాడు. రిటైరైన ట్రక్ డ్రైవరు, ఎండకి ఎర్రగా కమిలిన మెడ, చొక్కా జేబులో ఎప్పుడూ సన్‌ఫ్లవర్ గింజలు. అమ్మ వారం రోజులు దూరంగా నిలబడి చూసి, ఎనిమిదో రోజు దగ్గరికెళ్లి, "మీ హుక్కు ఎందుకలా వదులుగా ఊగుతోంది?" అని ఇంగ్లీషులో అడిగింది. ఈ దేశంలో అమ్మ తనంతట తాను ఒక పరాయి మనిషిని అడిగిన మొదటి ప్రశ్న అదేననుకుంటా.

దాన్ని స్వింగ్ జిగ్ అంటారని చెప్పాడాయన. ముందు సీసం గుండు, దానికి చిన్న తీగ కొక్కెం, ఆ కొక్కేనికి వేలాడుతూ అటూ ఇటూ ఊగే హుక్కు. మామూలు గాలానికి గుండూ హుక్కూ ఒకే ముక్కగా ఉంటాయి కాబట్టి ఆ లేక్‌లో ఉండే బాస్ చేప తల విదిలిస్తే ఆ గుండు బరువుకే హుక్కు ఊడొస్తుందట. ఇదైతే చేప ఎటు తిరిగితే అటే తిరుగుతుంది, వదలదు. ఆ హుక్కుకి వేలెడంత మెత్తటి రబ్బరు చేపని గుచ్చి, దూరంగా విసిరి, అడుగుదాకా దిగనిచ్చి, రాళ్ల మీద మెల్లగా ఈడ్చుకురావాలి. గుండు రాళ్లకి తగులుతూ వస్తుంటే వెనక రబ్బరు చేప తోక టపటపా కొట్టుకుంటుంది. రాయికి తగిలితే రాడ్డు చివర టక్కుమంటుంది, చేప పట్టుకుంటే చప్పుడేం ఉండదు, ఉన్నట్టుండి బరువెక్కుతుందంతే. ఈ తేడా పట్టుకోవడానికి ఆయనకి ఐదేళ్లు పట్టిందట. మా అమ్మకి మూడు వారాలు పట్టింది.

మొదటి చేప పడ్డ రోజు అమ్మ చుడీదార్ మోకాళ్లదాకా తడిసింది. చేపకి పచ్చటి ఒళ్లు, పక్కన నల్లటి చార, నా పిడికిలి పట్టేంత నోరు. అక్కడ పట్టినవన్నీ నీళ్లలో వదిలెయ్యాలని రూలు. "ఛ, పులుసు పెడితే ఎంత బాగుండేదే," అంటూనే రెండు చేతులతో జాగ్రత్తగా నీళ్లలోకి వదిలింది, అది పోయాక చేతులు వాసన చూసుకుని నవ్వింది. అమ్మ అలా పళ్లన్నీ కనిపించేట్టు నవ్వడం నేను అమెరికా వచ్చాక అదే చూడటం.

ఆ తర్వాత మా ఇంటి కాలెండరే మారిపోయింది. ఉగాదికి వేపపువ్వు దొరక్క పచ్చడిలో మెంతులు వేసే రోజుల్లోనే, గట్టు దగ్గర పల్చటి నీళ్లలో బాస్ చేపలు గుంటలు చేసి గుడ్లు పెట్టేవి. అప్పుడు అటువైపు గాలం వెయ్యనిచ్చేది కాదు అమ్మ. "బాలింతల జోలికి వెళ్లకూడదు," అంటే, గుడ్ల దగ్గర కాపలా ఉన్నది ఆడది కాదు, మగదేనని ర్యాండీ అంకుల్ చెప్పాడు. "ఓహో, మగాళ్లలో కూడా అలాంటివాళ్లు ఉన్నారన్నమాట!" అంది. మే నెల నుంచి ఎండకి గట్టు మీద కాలు పెట్టలేం కాబట్టి స్కూలుకి ముందే, ఆరింటికల్లా వెళ్లిపోయేవాళ్లం, నా జడలు కూడా అక్కడే వేసేది. జూలైలో ఆకాశమంతా ధూళి లేచి వానొచ్చే ముందు చేపలు వెర్రెత్తినట్టు గాలం పట్టేవి. దీపావళికి అరిసెలు వండి ర్యాండీ అంకుల్‌కి పట్టుకెళ్తే, ఆయన తిని, దీన్ని గాలానికి గుచ్చితే ఊడదు అన్నాడు.

కొన్న రబ్బరు చేపలు ఎన్నాళ్లొస్తాయి? తోకలు తెగిపోయేవి. నాన్నని అడగడం ఇష్టం లేక, తానే తయారుచేస్తానని కూర్చుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చులు చేసింది. పాలలా తెల్లగా ఉండే ప్లాస్టిక్ ద్రవం ర్యాండీ అంకుల్ తెచ్చిచ్చాడు. దాన్ని పాత గిన్నెలో కాస్తే ముందు ముద్దవుతుంది, ఇంకా కాస్తే నూనెలా తేటపడుతుంది. సరిగ్గా ఆ నిమిషంలో రంగూ మెరుపుల పొడీ ఉప్పూ కలిపి గరిటెతో అచ్చులో పొయ్యాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే తోక దగ్గర సన్నటి చోటుకి పారదు, ఆ చేప ఈదదు. అమ్మ థర్మామీటరు పెట్టి నోట్‌బుక్‌లో రాసుకునేది. చివర్లో సోంపు నూనె, రెండు చుక్కలు. చేపలకి ఆ వాసన ఇష్టమట, నోట్లో పెట్టుకుంటే తొందరగా ఉమ్మవట.

నా పని బాత్‌టబ్బు నింపి, చల్లారిన ప్రతి చేపకీ దారం కట్టి ఈ చివర్నుంచి ఆ చివరికి లాగి, తోక కొట్టుకుంటోందో లేదో చెప్పడం. కొట్టుకోనివి మళ్లీ గిన్నెలోకి. పాసైనవి రంగుల వారీగా జిప్ కవర్లలో వేసి, పైన అమ్మ తెలుగులో పేర్లు రాసేది: గోంగూర, బెండకాయ, చింతపండు, ఉల్లితొక్క, తోటకూర కాడ. నాకు తెలుగు చదవడం వచ్చింది ఆ కవర్ల మీదే. లేక్ దగ్గరికి వచ్చే మిగతా ముసలాళ్లు కూడా వాటి కోసం అడిగేవాళ్లు. అమ్మ ఊరికే ఇచ్చేసేది. వాళ్లు ఊరుకోలేక తమ పెరట్లో కాసిన నిమ్మకాయలో నారింజలో సంచీలో పోసిచ్చేవాళ్లు. ర్యాండీ అంకుల్ అయితే అమ్మని పేరు పెట్టి పిలవడం మానేసి ప్రొఫెసర్ అని పిలిచేవాడు. పిలిచినప్పుడల్లా అమ్మ మెడ కొంచెం నిటారుగా అయ్యేది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక నా ఘనకార్యం వినండి.

మూడో తరగతిలో, మీ ఇంట్లో ఎవరేం పని చేస్తారో రాసి బొమ్మ వెయ్యమన్నారు. నా పక్క పిల్ల వాళ్లమ్మ నర్సు, ఇంకో పిల్ల వాళ్లమ్మకి సొంత బేకరీ. టీచరు నా దగ్గరికొచ్చి, మీ అమ్మ ఇంట్లోనే ఉంటుందా అని ఎంతో ప్రేమగానే అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. మా అమ్మకి రబ్బరు చేపల బిజినెస్ ఉంది, లేక్ దగ్గర అందరూ డబ్బులిచ్చి కొనుక్కుంటారు అని రాసి, అమ్మ చేతిలో పచ్చనోట్లు గీశాను. టీచరు మురిసిపోయి స్టార్ అంటించి, ఆ వారం తల్లిదండ్రులందరికీ పంపే ఈమెయిల్లో ఆ బొమ్మ పెట్టింది.

నాన్న ఆ రోజు నాలుగింటికే ఇంటికొచ్చేశాడు. అప్పటికి నెల రోజులుగా ఆయన మనిషిలా లేడు. వీసా ఎక్స్‌టెన్షన్‌కి పంపిన కాగితాల మీద ఏవో ప్రశ్నలడిగి వెనక్కి పంపారు. పక్క సీటులో పనిచేసే ఆయన అంతకుముందు వారమే ఇల్లు ఖాళీ చేసి ఇండియా వెళ్లిపోయాడు. నాన్న షూస్ కూడా విప్పకుండా వంటింట్లోకొచ్చి ఫోను అమ్మ ముందు పెట్టాడు.

"అమ్ముతున్నావా ఇవి?"

"అయ్యో, లేదండీ. ఒక్కటి కూడా. ఊరికే ఇస్తున్నా."

"ఇది వర్క్ కింద వస్తుంది తెలుసా నీకు? ఎవడైనా చూస్తే మన ముగ్గురి వీసా స్టేటస్ పోతుంది!" అని, నా వైపు తిరిగాడు. "చిన్నీ, నువ్వు చెప్పు. అమ్మకి డబ్బులివ్వడం చూశావా?"

మా ఇంట్లో దేనికైనా క్షమాపణ ఉండేది గానీ అబద్ధానికి ఉండేది కాదు. అబద్ధం ఆడితే నాన్న చెయ్యి లేచేది. చూడలేదని చెబితే స్కూల్లో రాసింది అబద్ధమని తేలిపోతుంది, స్టార్ పోతుంది, వీపు పగిలిపోతుంది. తల ఊపాను.

"ఎన్నిసార్లు?"

మూడు వేళ్లు చూపించాను. ఒకటి చాలదన్నట్టు మూడు! అమ్మ ఏదో అనబోయి నన్ను చూసింది. నా గడ్డం వణుకుతుండటం చూసిందేమో, నోరు మూసేసుకుంది. ఆవిడ మౌనాన్ని నాన్న ఒప్పుకోలు అనుకున్నాడు. ఆ సాయంత్రమే టీచరుకి మెయిల్ రాశాడు: మా పాప ఊహించుకుని రాసింది, అందులో నిజం లేదు అని. ఆయన రాసింది అక్షరాలా నిజం, కానీ తాను అబద్ధం రాస్తున్నాననుకుంటూ రాశాడు. అమ్మ పాటియోలోకెళ్లి అచ్చులన్నీ వరసగా పెట్టి పచ్చడిబండతో కొట్టింది. నేను గాజు తలుపు లోపల్నుంచి చూస్తూ నిలబడ్డాను. తలుపు తీసి ఒక్క మాట చెబితే సరిపోయేది.

అమ్మ మళ్లీ లేక్ వైపు వెళ్లలేదు. ఒకరోజు స్కూలు నుంచి వస్తుంటే ర్యాండీ అంకుల్ నన్నాపి, ప్రొఫెసర్ ఏమైంది అని అడిగాడు. ఆమెకి ఫిషింగ్ బోర్ కొట్టిందన్నాను. అబద్ధాలు అప్పటికి నాకు బానే అలవాటయ్యాయి.

నాన్న చెడ్డవాడు కాదు. ఆ రోజు తర్వాత అరవలేదు, కొట్టలేదు. కానీ ఆ మాట ఆయన లోపల ఉండిపోయింది. ఏ చిన్న గొడవొచ్చినా, "నీకు నా దగ్గర దాచడం అలవాటేగా," అనేవాడు. చుట్టాలు భోజనానికొచ్చినప్పుడు నవ్వుతూ కూడా అన్నాడు. అన్నప్పుడల్లా అమ్మ నా వైపు చూసేది, నేను ప్లేటు వైపు చూసేదాన్ని. హైస్కూల్లో ఉండగా అమ్మకి పనిచేసే పర్మిట్ వచ్చింది. "ఇప్పుడు కావాలంటే పెట్టుకో నీ రబ్బరు చేపల బిజినెస్," అన్నాడు నాన్న, నిజంగా మంచిగానే. "ఇప్పుడెందుకు లెండి," అంది అమ్మ. రెండేళ్ల కిందట నాన్న గుండె ఆగి పోయాడు. చివరిదాకా తన భార్య మూడుసార్లు తన దగ్గర దాచిందనే నమ్మాడు.

ఇప్పుడు లేక్ చుట్టూ ఫెన్సు వేశారు, ఫిషింగ్ చెయ్యకూడదని బోర్డు పెట్టారు. ర్యాండీ అంకుల్ కుర్చీ ఉండే చోట రాళ్లు తీసేసి సిమెంటు పోశారు. ఆయన ఎప్పుడు పోయాడో మాకెవరూ చెప్పలేదు. అమ్మని ప్రొఫెసర్ అని పిలిచేవాళ్లు ఈ ఊళ్లో ఎవరూ లేరు.

పోయిన నెల ఇల్లు అమ్మకానికి పెడదామని గ్యారేజ్ సర్దుతుంటే, దీపావళి లైట్ల పెట్టె వెనక అమ్మ గాలాల డబ్బా దొరికింది. మూత తీస్తే చేపల్లేవు. పదిహేడు ఎండాకాలాల వేడికి గోంగూరా బెండకాయా చింతపండూ అన్నీ కరిగి కలిసిపోయి, బూడిదరంగు జిగురు ముద్ద అయ్యాయి. అందులో తుప్పుపట్టిన స్వింగ్ జిగ్‌లు కూరుకుపోయి ఉన్నాయి. సోంపు వాసన మాత్రం గుప్పుమంది.

వంటింట్లో అమ్మ మెంతికూర తుంచుతోంది. డబ్బా ముందు పెడితే వేలితో ఆ ముద్దని నొక్కి చూసింది. "అన్నీ ఒకే డబ్బాలో పెట్టకూడదు, ఒకదాన్నొకటి కరిగించేసుకుంటాయి. తెలిసి కూడా పెట్టాను చూడు," అంది.

"అమ్మా, ఆ రోజు నాన్నకి నేను అబద్ధం చెప్పాను."

"నాకు తెలీదేంటే? అక్కడే ఉన్నాగా."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"తొమ్మిదేళ్ల పిల్లవి, బెదిరిపోయి ఉన్నావ్. తర్వాత నువ్వే చెప్తావులే అనుకున్నా." ఇంకో కట్ట విప్పి ఆకులు తుంచడం మొదలుపెట్టింది. గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఆ కట్ట అయ్యాక తలెత్తకుండానే అంది.

"మీ నాన్న ఉండగానే చెప్తావనుకున్నా."