దొర ఏడ్చిన సాయంత్రాలు

మా చిన్నప్పుడు... దీపాలు పెట్టే వేళ దగ్గరపడుతుంటే నా గుండె దడదడలాడేది. పుస్తకం ముందేసుకుని వసారాలో కూర్చునేదాన్నే గానీ, చెవులు మాత్రం పెరటి వైపే ఉండేవి. ఇంకాసేపట్లో దొర మోరెత్తి ఏడుస్తుంది...

దొర అంటే కుక్క. మాది కాదు. మా మిరపకళ్లానికి కాపలా ఉండే ఏసోబు తాతది. ఎర్రటి ఒళ్లు, చిరిగిన చెవి... చూస్తేనే భయం వేసేది నాకు. తాతకు మాత్రం అది దొరే. తను తినే అన్నంలో సగం దానికి పెట్టేవాడు.

కళ్లంలో కాయలు ఎండుతున్న రోజుల్లోనే తాత గుండెనొప్పితో పోయాడు. సమాధి చేసి అందరూ వచ్చేశాక కూడా దొర ఆయన మంచం కింద నుంచి కదల్లేదు. ఆయన కూతురు మరియమ్మ వేటపాలెంలో జీడిపప్పు పనికి వెళ్లేది. ఒంటి గది అద్దె ఇల్లు. కుక్కను తెస్తే ఖాళీ చేయమంటారని మా నాయనమ్మ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

"వేరే ఇల్లు చూసుకుని వచ్చి తీసుకెళ్తానమ్మగారూ... అప్పటిదాకా దీనికి ముద్ద ఎవరు పెడతారు?"

"మేం లేమా? నువ్వొచ్చిందాకా మా ఇంట్లో ఉంటది. దిగులు పడమాక, పో" అంది నాయనమ్మ.

అలా వచ్చింది మా ఇంటికి... పెరట్లో గేదెల పాక గుంజకు కట్టారు. పగలంతా ముడుచుకుని పడుకునేది. పొద్దు గుంకిందా... తాత అన్నం పెట్టే వేళ కదా అది... సన్నగా మొదలుపెట్టి వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చేది. అదిలించినా ఆగదు. నీళ్లు చల్లినా ఆగదు.

పక్కింటి సుబ్బాయమ్మ పిన్ని గోడ మీంచి తొంగిచూసి "అక్కా, కుక్క ఏడుపు ఇంటికి మంచిది కాదే. ఎవరికో మూడిందన్నమాటే" అంది అమ్మతో. ఆ మాట నా చెవిన పడింది. ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

కొద్ది రోజులకే నాయనమ్మకు జ్వరం వచ్చింది...

ఊళ్లో డాక్టరు సూదులు వేశాడు. సెలైన్ కట్టాడు. జ్వరం దిగలేదు. ఇంక లాభం లేదు, పొద్దున్నే గుంటూరు తీసుకెళ్లండన్నాడు. పక్క మంచం మీద పడుకుని, నాయనమ్మ కప్పుకున్న దుప్పటి కదులుతోందా లేదా అని చూస్తూ ఉండేదాన్ని. కాస్త ఆగినట్టనిపిస్తే నా ఊపిరీ ఆగిపోయేది.

"పొద్దున కాయల లారీ గుంటూరు మిర్చి యార్డుకు పోతందిగా. ఆ కుక్కనీ ఎక్కించి అక్కడ వదిలిపెట్టిస్తా" అన్నాడు నాన్న.

"అత్తయ్య మాటిచ్చిందండీ..." అంది అమ్మ.

"మాటా? మా అమ్మ బతకాలా, వద్దా?"

నాన్న గొంతు వణకగా వినడం నాకు అదే మొదటిసారి. పెద్దవాళ్లకీ భయం వేస్తుందని తెలిశాక నాకింకా భయమేసింది. దొర వెళ్లిపోతే నాయనమ్మ బతుకుతుందేమో అనిపించింది... అంతలోనే ఆ యార్డులో, అన్ని లారీల మధ్య అది ఏమైపోతుందోనని దిగులేసింది.

ఆ సాయంత్రం దొర మళ్లీ ఎత్తుకుంది. నాయనమ్మ కళ్లు తెరిచింది.

"దాన్ని ఇట్టా తీసుకురండి..."

"నువ్వు పడుకోమ్మా" అన్నాడు నాన్న.

"నా నూకలు చెల్లితే నేను పోతా. అది ఏడిస్తే కాదు. తీసుకురారా."

నాన్న కదల్లేదు. అమ్మే లేచింది. "లైటు పట్టుకో బుజ్జమ్మా" అని నన్ను వెంట తీసుకెళ్లింది. దాన్ని చూడలేక నేను టార్చిలైటు పక్కకు తిప్పేస్తుంటే... ఆ వెలుగులో దొర కళ్లు ఒకసారి కనిపించి, ఒకసారి మాయమయ్యేవి. అమ్మ తాడు విప్పి పట్టుకుంది. అది నా పక్కనుంచే, నా పరికిణీకి ఒళ్లు రాసుకుంటూ లోపలికి వచ్చింది.

నాయనమ్మ దాని తలమీద చెయ్యి వేసింది.

"ఒరేయ్ దొరా... వాడు రాడురా. ఏసోబు చచ్చిపోయాడు. మరియమ్మ వస్తది నీకోసం. అందాకా మేముంటాం."

అదిలించాం, తిట్టాం... ఆ మాట మాత్రం అప్పటిదాకా దానికి ఎవరూ చెప్పలేదు. దొర మంచం పక్కన కూలబడింది. ఏడుపు ఆగిపోయింది.

నేను ఆ చేతినే చూస్తున్నాను. కాసేపటికి అది మెల్లగా జారి, మంచం పట్టె మీంచి కిందికి వేలాడింది...

"నాయనమ్మా!" అని నేను పెట్టిన కేకకి నాన్న ఒక్క దూకులో వచ్చాడు. నాయనమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి, అలాగే నేలమీద కూర్చుండిపోయాడు.

"చెమటలు పడతన్నయ్యే... అమ్మకు చెమటలు పడతన్నయ్!"

జ్వరం దిగుతోంది. నాయనమ్మ నిద్రపోయింది, అంతే. నాన్న ఏడవడం కూడా అప్పుడే చూశాను.

పొద్దున లారీ వచ్చి హారన్ కొడితే "కాయలేసుకుని మీరు పొండి" అన్నాడు నాన్న. దొర ఏడుపు ఆ రోజుతోనే మానలేదు. కానీ ఆ వేళకు నాన్నే సత్తు గిన్నెలో అన్నం కలుపుకుని పెరట్లోకి వెళ్లి, దాని పక్కన కూర్చునేవాడు. నేను కిటికీలోంచి చూసేదాన్ని. దగ్గరికి మాత్రం వెళ్లలేదు.

తొలకరి పడ్డాక మరియమ్మ ట్రాలీ ఆటోలో వచ్చింది. చర్చి వెనక, కాస్త పెరడున్న రేకుల ఇల్లు దొరికిందట. ఆమె గొంతు వినగానే దొర తాడు తెంపుకుని వీధిలోకి ఉరికింది. ఆటో ఎక్కి, ఆమె ఒళ్లో తలపెట్టుకుని వెళ్లిపోయింది... తర్వాత చాలా ఏళ్లు బతికిందని, అక్కడి పిల్లలంతా దాంతో ఆడుకునేవాళ్లని మరియమ్మ చెప్పేది.

మొన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో ఒక కుక్క ఫోటో పెట్టారు. ఇల్లు దొరికేదాకా ఎవరైనా ఉంచుకుంటారా అని. బోలెడు దండాలు, బోలెడు ప్రేమ గుర్తులు... తలుపు మాత్రం ఒక్కటీ తెరుచుకోలేదు. అప్పట్లో మాటిచ్చాక భయపడేవాళ్లు. ఇప్పుడు భయపడి మాటే ఇవ్వడం లేదు.

కుక్కలంటే నాకు ఇప్పటికీ భయమే. అయినా వెళ్లి ఆ ఫోటోలోని కుక్కను తెచ్చాను. ఇది రాస్తుంటే సోఫా కింద నుంచి నన్నే చూస్తోంది... దానికీ భయంగానే ఉన్నట్టుంది.

మీ ఇళ్లలోనూ ఇలా కొన్నాళ్లుండి వెళ్లిన ప్రాణి ఏదైనా ఉందా? ఉంటే చెప్పరూ... ఈ సాయంత్రం మా ఇద్దరికీ కాస్త ధైర్యం కావాలి.